శనివారం గుర్రం, ఆదివారం ముద్ద: గుడిబండెలో పేరు తెచ్చుకునే చిట్కాలు

వారంలో అయిదు రోజులు ఆఫీసుకు పోతాయి. మిగతా రెండు రోజుల మీద ఇంట్లోవాళ్ళ కన్ను ఉంటుంది. ఫ్యాను రెక్కలు తుడవమంటారు, బియ్యం మూట దింపమంటారు, పిన్నిగారి ఊళ్ళో గృహప్రవేశానికి రమ్మంటారు. ఇవన్నీ తప్పించుకోవాలంటే మనిషికి ఒక అభిరుచి ఉండాలి. ఒక్కటే పెట్టుకుంటే శనివారానికే సరిపోతుంది, ఆదివారం మళ్ళీ దొరికిపోతారు. అందుకని రెండు పెట్టుకోండి: శనివారం గుర్రపుస్వారీ, ఆదివారం తిండి ఫోటోలు. నేర్చుకోవాలంటే రెండింటికీ ఏళ్ళు పడతాయి. వచ్చని నమ్మించాలంటే రెండింటికీ ఒక్కో ఫోటో చాలు. ఇంత లాభసాటి బేరం నాకు ఇంకెక్కడా కనబడలేదు.

ఊరు నేనే చెబుతాను: గుడిబండె. బెంగళూరు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని, చిక్కబళ్ళాపురం దాటి, పేరేసంద్ర దగ్గర పక్కకు మళ్ళండి. వంద కిలోమీటర్ల లోపే. కొండ మీద కోట, కొండ కింద అమానీ భైరసాగరం చెరువు, ఊళ్ళో వేడివేడి రాగిముద్ద, సారు. 2007లో కోలారు నుంచి విడదీసి చిక్కబళ్ళాపురం జిల్లా చేశారు, ఇది ఆ జిల్లాలోదే. కర్ణాటకే అయినా ఇంటింటా తెలుగు మాట్లాడతారు కాబట్టి సాకులు చెప్పడానికి భాష అడ్డం రాదు.

శనివారం పని

1. ముందు బట్టలు కొనండి, గుర్రం సంగతి తర్వాత. మోకాళ్ళ దాకా బూట్లు, బిగుతు ప్యాంటు, చేతిలో చిన్న కమ్చీ. ఈ మూడూ ఉన్నవాణ్ణి "మీకు స్వారీ వచ్చా?" అని ఎవరూ అడగరు. "ఎన్నాళ్ళుగా చేస్తున్నారు?" అనే అడుగుతారు. "చిన్నప్పటినుంచీ" అనండి.

2. నేర్పేవాళ్ళ దగ్గరికి పోకండి. బెంగళూరు చుట్టుపక్కల మంచి స్వారీ బడులు ఉన్నాయి. అక్కడ అడుగుపెట్టారంటే గుర్రాన్ని దువ్వమంటారు, డెక్కలో ఇరుక్కున్న మట్టి తియ్యమంటారు, మడమలు కిందికి వంచమంటారు, నడుం నిటారుగా పెట్టమంటారు. ఇదంతా ఒళ్ళు వంచే పని. బెంగళూరు కుర్రాడు ఫవాద్ మీర్జానే చూడండి. పశువైద్యుడి కొడుకు, పసితనం నుంచి గుర్రాలతోనే పెరిగాడు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో వ్యక్తిగతంగా ఒక రజతం, జట్టుతో ఇంకో రజతం తెచ్చాడు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో సెన్యోర్ మెడికాట్ అనే గుర్రంతో ఫైనల్ దాకా వెళ్ళాడు. స్వారీలో మన దేశం నుంచి ఒలింపిక్స్‌కు ఒకరు పోయి అప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది. ఇంతా చేస్తే వచ్చింది 23వ స్థానం. మీరు శనివారం పొద్దున తొమ్మిదికి బయల్దేరి పదకొండుకల్లా మీ వాట్సాప్ గ్రూపులో మొదటి స్థానంలో ఉంటారు. కష్టం ఎవరిది, ఫలం ఎవరిది, మీరే లెక్క వేసుకోండి.

3. పెళ్ళి ఊరేగింపుల గుర్రాన్ని చూసుకోండి. బ్యాండుమేళం, టపాకాయలు, బారాత్ ముందు చిందులేసే మేనమామలు, అన్నీ చూసేసిన జీవి అది. యజమానితో బేరం ఇలా చెయ్యండి: "అన్నా, ఎక్కను. పక్కన నిలబడతానంతే. సగం రేటు చెప్పు." రేటు కుదిరాక, గుర్రం దగ్గరికి పోయాక, ఎక్కేయండి. మధ్యలో దింపితే గొడవవుతుందని ఆయనే ఊరుకుంటాడు.

4. బరువు అడిగితే పెళ్ళినాటి బరువు చెప్పండి. రౌతు, జీను కలిపి గుర్రం బరువులో అయిదో వంతు మించకూడదని తెలిసినవాళ్ళు అంటారు. నాలుగు వందల కిలోల గుర్రానికి ఎనభై కిలోలు. ఈ లెక్క గుర్రానికి తెలియదు. మీ ఆధార్ కార్డులో బరువు రాసి ఉండదు. ఇంకేం భయం?

5. హెల్మెట్ వద్దు. జుట్టు అణిగిపోతుంది, మొహం మీద నీడ పడుతుంది. యజమాని బలవంతం చేస్తే పుచ్చుకుని మోచేతికి తగిలించుకోండి. పడితే ముందు మోచెయ్యే తగులుతుందని చెప్పండి, ఆయన ఆలోచనలో పడతాడు.

6. పొట్ట కింద పట్టీని ఒక్కసారే బిగించండి. పట్టీ బిగించేటప్పుడు చాలా గుర్రాలు పొట్ట బిర్రబిగిస్తాయి, కాసేపయ్యాక వదులుతాయి. అప్పుడు పట్టీ కూడా వదులవుతుంది. అందుకే ఎక్కే ముందు మళ్ళీ బిగించమంటారు. మీరు బిగించకండి. నాలుగడుగులు వేసేసరికి జీను పక్కకు జారి మీరు గుర్రం పొట్ట కిందికి చేరతారు. ఆ కోణంలో ఫోటో దిగినవాడు చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి మూడూళ్ళలో కలిపినా మరొకడు దొరకడు.

7. ఎడమవైపు నుంచి ఎక్కమంటారు. పాతకాలం సైనికులకు కత్తి ఎడమ తొడ మీద వేలాడేది, దాని అడ్డం లేకుండా ఆ పక్క నుంచి ఎక్కేవాళ్ళు. అదే అలవాటైపోయింది. మీకు కత్తి లేదు. ఎండ ఏ పక్కనుంటే ఆ పక్కనుంచి ఎక్కండి. అలవాటు లేని పక్క నుంచి మనిషి వచ్చిపడితే గుర్రం బెదిరి పక్కకు గెంతుతుంది. మీ మొహంలో భావం పలికేది సరిగ్గా అప్పుడే.

8. వెనక నిలబడి ఫోటో తియ్యమనండి. గుర్రానికి కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి గనక చుట్టూ దాదాపు అంతా కనబడుతుంది. కనబడనివి రెండే చోట్లు: నుదుటికి సరిగ్గా ఎదురుగా, తోకకు సరిగ్గా వెనక. ఫోటో తీసేవాణ్ణి ఆ వెనకచోటులోనే నిలబెట్టండి. వాడు గుర్రానికి కనబడడు కాబట్టి గుర్రం సహజంగా ఉంటుంది. ఈ పనికి బావమరిదిని పెట్టండి. సొంత తమ్ముడైతే అమ్మకు జవాబు చెప్పుకోవాలి.

9. బెల్లం వేళ్ళ చివర పట్టుకుని తినిపించండి. అరచెయ్యి చాపి దాని మీద పెట్టమని తెలిసినవాళ్ళు చెబుతారు. అరచేతిలో పెడితే బెల్లం ఫోటోలో కనబడదు. వేళ్ళతో పట్టుకుంటే గుర్రం బెల్లంతోపాటు వేలు కూడా కొరుకుతుంది. కుడిచేతి చూపుడువేలైతే మరీ మంచిది. కట్టు కట్టుకుని సోమవారం ఆఫీసుకు పోతే వారం రోజులు టైపింగ్ మీ జోలికి రాదు. పక్క సీటు అమ్మాయి మీ రిపోర్టు కూడా తనే చేసిపెడుతుంది.

10. పరుగు ఫోటో కావాలంటే గుర్రాన్ని పరుగెత్తించకండి. ఇక్కడ కాస్త చరిత్ర తెలుసుకోవాలి. కాలిఫోర్నియాలో లీలండ్ స్టాన్‌ఫర్డ్ అనే ధనవంతుడి గుర్రాల కోసం ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫరు 1872లో ఒక పని మొదలుపెట్టాడు. పరుగెత్తేటప్పుడు గుర్రం కాళ్ళు నాలుగూ ఒకేసారి నేలను వదులుతాయా, లేదా అన్నది తేల్చాలి. 1878 జూన్‌లో పాలో ఆల్టో దగ్గర బాట వెంట 12 కెమెరాలు వరసగా పెట్టి, అడ్డంగా దారాలు కట్టి, గుర్రం ఒక్కో దారాన్ని తాకగానే ఒక్కో ఫోటో పడేటట్టు చేసి, వదులుతాయని నిరూపించాడు. సినిమాకు ముందడుగు అదేనంటారు. ఎంత గొప్పవాడైతేనేం, ఆరేళ్ళు పాడు చేసుకున్నాడు. మీరు గుర్రాన్ని నిలబెట్టండి. ఫోను పట్టుకున్న బావమరిదిని పరుగెత్తమనండి. వెనకనున్న చెనిక్కాయ చేను మొత్తం గీతలు గీతలుగా చెదిరిపోయి, గుర్రం దూసుకుపోతున్నట్టే వస్తుంది. బావమరిది గట్టు తట్టుకుని పడితే ఫోను పగులుతుంది. అందుకే ఆయన ఫోనే వాడండి.

11. గుర్రమే దొరకని శనివారం కీలుగుర్రం వెతుక్కోండి. జాతరల్లో ఆడేవాళ్ళు నడుముకు కట్టుకునే బొమ్మగుర్రం అది. అడిగి ఒక్క పూట తెచ్చుకుని, నడుం నుంచి పైకే ఫోటో దిగండి. గుర్రం తల, మీ ఛాతీ, వెనక కోట. కొరకదు, తన్నదు, ఉలవలు అడగదు. నా మాట వినేవాళ్ళకు గుర్రాలన్నింటిలో నేను మొదట చెప్పేది ఇదే.

12. ఎక్కి చూపించమని ఎవరన్నా పట్టుబడితే సుడి చూడండి. గుర్రం నుదుటి మీద, మెడ మీద వెంట్రుకలు సుడి తిరిగి ఉంటాయి. ఏ సుడి శుభం, ఏది అశుభం అన్నది మన పెద్దలు ఎడ్లకు, గుర్రాలకు చూసేవాళ్ళు. గుర్రాల లక్షణాల మీద తెలుగులో పాతకాలం నాటి పుస్తకమే ఉంది, మనుమంచి భట్టు రాసిన హయలక్షణవిలాసం. చదవక్కర్లేదు, పేరు గుర్తుంటే చాలు. గుర్రం చుట్టూ ఒకసారి తిరిగి, తల అడ్డంగా ఊపి, "భట్టుగారి ప్రకారం ఈ సుడి రౌతుకు మంచిది కాదు" అనండి. కాదనడానికి అక్కడ ఆ పుస్తకం చదివినవాడు ఉండడు.

ఇంకా గట్టిగా నిలదీస్తే తోక ఫోటో చూపించండి. దీనికి మన దగ్గరే రాజప్రమాణం ఉంది. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ విజయనగరం గురించి రాస్తూ సాళువ నరసింహుడి సంగతి చెప్పాడు. ఆ రాజు హోర్ముజ్ నుంచి ఓడల్లో గుర్రాలు తెప్పించేవాడు. దారిలో సముద్రం మీద చచ్చిపోయిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్న గుర్రానికి ఇచ్చే డబ్బే ఇచ్చేవాడట. ఆ విజయనగర రాజుల పెనుకొండ ఇక్కడికి ఎంతో దూరం లేదు. అంతటి రాజే తోక చూసి నమ్మినప్పుడు మీ ఆఫీసు మేనేజరు నమ్మకుండా పోతాడా?

13. కోట ఎక్కకండి. హావళి బైరేగౌడ అనే పాళెగాడు కట్టించిన కోట ఇది. ఏడు అంచెలు, బండల్లో వాననీళ్ళు నిలిచే దొనలు 19, పైన రామేశ్వరుడి గుడి. అక్కణ్ణుంచి చూస్తే చెరువు భారతదేశ పటంలాగా కనబడుతుందని ఊరంతా చెబుతుంది. ఇదంతా కింద టీ అంగట్లో కూర్చుని తెలుసుకోవచ్చు, నేను ఇప్పుడే చెప్పేశాను కూడా. చెమటలు కక్కుతూ దిగివచ్చే కుర్రాళ్ళలో మంచి ఫోను ఉన్నవాణ్ణి పిలవండి. "తమ్ముడూ, బలే తీసినావే, నాకూ ఒకటి పంపించు" అని నాలుగు ఫోటోలు రాబట్టండి. చెరువు నిండుగా ఉన్నదే ఏరుకుని దాచుకోండి, ఏడాది పొడుగునా పనికొస్తుంది. మే నెలలో పెట్టినప్పుడు ఎవరన్నా అనుమానపడితే నిన్న రాత్రి కుండపోత వాన అనండి. బైరేగౌడ ఉన్నవాళ్ళ దగ్గర దోచి లేనివాళ్ళకు పంచాడని ఊళ్ళో కథ చెప్పుకుంటారు. మొదటి సగం మనకు పనికొచ్చేదే.

ఆదివారం పని

14. ఆకలితో పోకండి. తిండి ఫోటోకు ఆకలే మొదటి శత్రువు, ఓపిక పట్టనివ్వదు. దారిలో తట్టె ఇడ్లీ రెండు వాయిలు తినేసి, పొట్ట నిండాక మెస్సులో కూర్చోండి. అప్పుడు మీ చూపులో కళ వస్తుంది.

15. ఒంటిగంటకు వెళ్ళండి. సరిగ్గా జనం కిక్కిరిసే వేళ. కిటికీ పక్క బల్ల పట్టండి, కిటికీ వెలుతురుకు మించింది లేదని ఈ విద్య తెలిసినవాళ్ళంతా ఒప్పుకుంటారు. అక్కడ ఎవరన్నా తింటుంటే వాళ్ళ ఎదురుగా నిలబడి ప్లేటులోకి చూస్తూ ఉండండి. ముద్ద ఎంత పెద్దదైనా మూడు నిమిషాల్లో లేస్తారు. ముద్ద గుండ్రంగా కనబడాలంటే ఫోను ఏటవాలుగా పట్టాలి. పైనుంచి తియ్యాలంటే కుర్చీ ఎక్కాలి. ప్లాస్టిక్ కుర్చీ అయినా ఎక్కండి. చెప్పులు విప్పకండి, మళ్ళీ వేసుకోవడం శ్రమ.

16. ముద్దను చల్లారనివ్వండి. రాగిముద్ద పొయ్యి దిగిన కాసేపటికే పైన పొర కట్టి పగుళ్ళు వేస్తుంది. తినేవాడికి అది నష్టం, మీకు కాదు. పొర కట్టాక జేబులోంచి తలనూనె సీసా తీసి రెండు చుక్కలు పూయండి, నిగనిగలాడుతుంది. ప్రకటనల ఫోటోల్లో తేనెపాకానికి బదులు ఇంజను ఆయిలు పోసినవాళ్ళున్నారు, పాలకు బదులు జిగురు పోసినవాళ్ళున్నారు. తలనూనె వాళ్ళకన్నా మర్యాదైన పద్ధతి. ఆవిరి కావాలంటే ముద్ద వెనక అగరుబత్తి వెలిగించండి. బూడిద సారులో రాలితే మిరియాలపొడిలా కనబడుతుంది.

17. సారులో గోలీలు వెయ్యండి. ఇది నాకు ప్రాణప్రదమైన చిట్కా. సారులో అనపగింజలు అడుక్కి పోతాయి, పైన నీళ్ళే కనబడతాయి. 1960ల చివర్లో అమెరికాలో క్యాంప్‌బెల్ కంపెనీవాళ్ళకూ ఇదే చిక్కు వచ్చింది. సూప్ ప్రకటన కోసం గిన్నె అడుగున గాజుగోలీలు పోశారు, ముక్కలన్నీ పైకి తేలాయి. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అది మోసమని 1970లో మాన్పించింది. గుడిబండెలో ఆ కమిషన్ లేదు. సంతలో గుప్పెడు గోలీలు కొనండి, గిన్నె అడుగున పరచండి, పైన సారు పోయించండి. ఫోటో అయ్యాక గోలీలు తియ్యడం మరిచిపోయినా కంగారుపడకండి. మన సీమలో ముద్దను నమలరు, సారులో ముంచి మింగుతారు. మీ తర్వాత ఆ గిన్నె ఎవరి ముందుకు పోయినా ఆయనకు తేడా తెలియడానికి మర్నాటి దాకా పడుతుంది.

18. పితికిపప్పు ఊళ్ళో ఒక అవ్వ చేత చేయించి, చేతులు మీవి చూపించండి. అనపగింజల్ని రాత్రంతా నానబెట్టి, ఒక్కొక్క గింజనే వేళ్ళతో పితికి తొక్క తియ్యాలి. నలుగురికి సరిపడా తియ్యాలంటే పూట గడుస్తుంది. ఆ పూట అవ్వను కూర్చోబెట్టండి. చివరి గుప్పెడు ఉందనగా వచ్చి, "అవ్వా, ఒక్క నిమిషం లేయ్" అని ఆమె పీట మీద కూర్చుని, గింజను వేళ్ళ మధ్య పట్టుకుని ఫోటో దిగండి. "తిని పో నాయనా" అంటుంది. "ఇంకొక్కటి అవ్వా" అంటూ ఉండండి. కూర చల్లారిపోయి అవ్వ మళ్ళీ వేడి చేస్తుంది, మళ్ళీ ఆవిరి, మళ్ళీ ఫోటో. ఆమెకు ఓపిక ఎక్కువ.

19. ద్రాక్షబుట్ట దగ్గర కారు ఆపండి, కొనకండి. చిక్కబళ్ళాపురం దారిలో నల్లద్రాక్ష అమ్ముతుంటారు. ఫోటో పుట్టిన తొలి రోజుల్లో, 1840ల్లోనే, ఇంగ్లండులో టాల్బట్ అనే ఆయన పళ్ళబుట్టల ఫోటోలు తీశాడు. పళ్ళు కదలవు, చల్లారవు. నీటి బిందువులు నిలవాలంటే నీళ్ళలో గ్లిసరిన్ కలిపి చల్లండి, గంటైనా జారవు. ఆ పళ్ళు ఇంక ఎవరూ కొనలేరు. అడిగితే "నీ బుట్టకు ప్రచారం చేసినాను కదక్కా" అని చెప్పి అద్దం ఎక్కించండి.

20. బిల్లు ఇవ్వకండి. "మీ మెస్సు పేరు ఊరూరా పాకిస్తాను" అనండి. పేరు రాసుకోవడం అక్కర్లేదు.

సోమవారం

ఈ చిట్కాలన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తే సోమవారానికి మీ వేలికి కట్టు, నడుముకు బెల్టు, బావమరిది చేతికి పిండికట్టు ఉంటాయి. గుర్రం యజమాని ఫోను చేస్తుంటాడు, ఎత్తకండి. మెస్సు అక్క మిమ్మల్ని గుర్తుపెట్టుకుని ఉంటుంది. ఇంత తక్కువ కాలంలో ఒక ఊరంతా మిమ్మల్ని గుర్తుపెట్టుకోవడం మామూలు విషయం కాదు. నడుం బాగుపడేదాకా ఫ్యాను రెక్కలు తుడవమని ఇంట్లో ఎవరూ అనరు. మనం మొదట కోరుకున్నదీ అదే. వచ్చే వారానికి ఊరు మార్చండి, బాగేపల్లి దగ్గరే ఉంది.

అయితే ఒక్క విషయంలో బద్ధకించకండి. అనపకాయలు చలికాలంలోనే వస్తాయి, సంక్రాంతి దాటాక పలచబడతాయి. గోలీలు ఇప్పుడే కొనిపెట్టుకోండి.